మిద్దె మీద డిష్: నెల బిల్లు లేని టీవీకి దారి

అవి 2020 ఆగస్టు చివరి రోజులు. బడులు మూతబడి ఐదు నెలలు దాటాయి. ఒకరోజు అసర్ నమాజు తరువాత మా వీధిలోనే ఉండే ఒక ఖాలా మా గుమ్మం దగ్గరకు వచ్చి, లోపలికి రాకుండానే అడిగారు.

"మాస్టర్ సాబ్, ఒకటో తారీకు నుంచి టీవీలో పాఠాలు చెబుతారట. నిజమేనా?"

"నిజమే ఖాలా. దూరదర్శన్ యాదగిరిలో చెబుతారు. టీ-శాట్ లో కూడా వస్తాయి."

"మా ఇంట్లో కేబుల్ కోసేశారు. మూడు నెలల బిల్లు కట్టలేదు. పిల్ల ఈ ఏడు పదో తరగతి."

ఆ తల్లి ఇంటి దగ్గరే కూర్చుని లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్లు అతికిస్తుంది. కరోనా వల్ల దుకాణాలు మూతపడితే గాజులు కొనేవారు లేరు, రాళ్లు అతికించే పనీ లేదు. ఇంట్లో ఉన్నది ఒక్క డబ్బా ఫోను. అందులో మాట వినపడుతుందే గాని పాఠం కనపడదు. పాత టీవీ ఒకటి మాత్రం ఉంది, దుమ్ము పట్టి.

మా మిద్దె మీద అప్పటికి ఏడాదిన్నరగా పనికిరాకుండా పడి ఉన్న డిష్ గుర్తుకొచ్చింది. దాన్ని ఊడదీసి, ముఖానికి గుడ్డ కట్టుకుని, మూడు సాయంత్రాలు తంటాలు పడి ఆమె మిద్దె మీద నిలబెట్టాము. ఈ పనిలో మాకు అంతకు ముందు ఓనమాలు కూడా తెలియవు. మదర్సాలో అరబీ వ్యాకరణం నేర్చుకున్నాము, బడిలో పిల్లలకు ఉర్దూ, తెలుగు నేర్పాము గాని, ఉపగ్రహాన్ని వెదకడం ఎవరూ మాకు నేర్పలేదు. ఆ మూడు సాయంత్రాల్లోనూ, ఆ తరువాత ఇరుగుపొరుగు ఇళ్లలోనూ తెలుసుకున్నది ఈ శుక్రవారం పాఠకులతో పంచుకుంటున్నాము. నెలనెలా కేబుల్ బిల్లు కట్టడమా, పిల్లల ఫీజు కట్టడమా అని లెక్కలు వేసుకునే ఇళ్లు మన బస్తీల్లో తక్కువేమీ కాదు గదా!

ఉచితం అంటే ఏమిటి?

ఆకాశం నుంచి వచ్చే టీవీ ప్రసారాలు రెండు రకాలు. ఒక రకానికి తాళం ఉంటుంది. కంపెనీకి డబ్బు కట్టి కార్డు తీసుకున్నవారికే ఆ తాళం తెరుచుకుంటుంది. రెండో రకానికి తాళం లేదు. డిష్, పెట్టె ఉన్న ప్రతి ఇంటికీ అది అందుతుంది. దీన్నే ఫ్రీ టు ఎయిర్ అంటారు.

మన దేశంలో ఇలాంటి ఉచిత ప్రసారాన్ని నడుపుతున్నది ప్రసార భారతి. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది. తరువాత అదే డీడీ ఫ్రీ డిష్ అయింది. మొదట్లో ఒకసారి డిష్, పెట్టె కొనుక్కుంటే చాలు, ఆ తరువాత నెలకు ఇంత అని ఎవరికీ కట్టనక్కర లేదు. మరి ఖర్చు ఎవరు భరిస్తారు? ఇందులో చోటు కావాలనుకునే ప్రైవేటు చానళ్లు వేలంలో పాడుకుని ప్రసార భారతికి రుసుము చెల్లిస్తాయి. ప్రకటనల మీద వచ్చే ఆదాయంతో ఆ రుసుమును రాబట్టుకుంటాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చానళ్లు ఒక్కోసారి ఎందుకు మాయమవుతాయో దీనివల్లే అర్థమవుతుంది.

ఆకాశం నుంచి తెలుగు పాఠం రావడం మాత్రం కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. పల్లెలో పంచాయతీ ఇంటి ముందో, బడి ముందో కోళ్ల గూటికి వాడే జాలీతో చేసిన పది అడుగుల డిష్ నిలబెట్టేవారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 లో వచ్చింది. 1991 లో స్టార్ టీవీ, 1992 లో జీ టీవీ వచ్చాక పాతబస్తీ మిద్దెల మీద కూడా కేబుల్ వాళ్ల పెద్ద పెద్ద జాలీ డిష్‌లు మొలిచాయి. ఆ ఒక్క డిష్ నుంచి నల్ల తీగలు గల్లీ గల్లీకీ పాకాయి. ఆనాటి డిష్‌ను ఇంట్లో పెట్టుకోవాలంటే మిద్దెలో సగం దానికే సరిపోయేది. నేటిది రెండడుగుల పళ్లెం. ఉపగ్రహాల శక్తి పెరిగింది, అవి వాడే తరంగం చిన్నదయింది, దాంతో డిష్ కూడా చిన్నదయింది.

ఏమి వస్తాయి, ఏమి రావు

కొనకముందే ఇది తెలుసుకోవాలి. లేకపోతే ఇంట్లో ఆడవాళ్లతో మాటపడవలసి వస్తుంది.

తెలుగులో దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి. 2014 లో రాష్ట్రం రెండయ్యాక ఈ రెండూ వేరువేరు చానళ్లయ్యాయి. 2006 ఆగస్టు 15న మొదలైన డీడీ ఉర్దూ వస్తుంది. డీడీ న్యూస్, డీడీ స్పోర్ట్స్, ఇతర రాష్ట్రాల దూరదర్శన్ చానళ్లు, హిందీ వార్తలు, సినిమాలు, వినోదం ఇచ్చే ప్రైవేటు చానళ్లు చాలా వస్తాయి. ఆకాశవాణి రేడియో చానళ్లు కూడా ఇదే పెట్టెలో ఉంటాయి. రిమోట్ మీద రేడియో బొత్తాం ఒకటి ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు.

క్రికెట్ సంగతి అడిగే కుర్రవాళ్లు ఉంటారు. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మ్యాచ్‌లను ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలని 2007 లో చట్టం వచ్చింది. ఆ మ్యాచ్‌లు ఫ్రీ డిష్ లో చూడవచ్చు. అన్ని మ్యాచ్‌లూ కావు.

విద్యా చానళ్ల గురించి వేరుగా చెప్పాలి. 2017 జూలైలో స్వయం ప్రభ అనే పేరుతో కేంద్ర ప్రభుత్వం రాత్రింబవళ్లు నడిచే 32 ఉచిత విద్యా చానళ్లు ప్రారంభించింది. 2020 లో పీఎం ఈ-విద్య కింద తరగతికి ఒక చానల్ చొప్పున 1 నుంచి 12 వరకు చానళ్లు వచ్చాయి. వీటికి వేరే డిష్ అక్కరలేదు.

ఇక రానివి. తెలుగు సీరియళ్లు, కొత్త తెలుగు సినిమాలు చూపే పేరున్న ప్రైవేటు చానళ్ల కోసమే డిష్ పెట్టుకోవాలనుకునేవారికి నిరాశ తప్పదు. ఈ వేదిక మీద హిందీదే పెద్దపీట. మీ అత్తగారికి రోజూ రాత్రి ఒక తెలుగు సీరియల్ తప్పనిసరి అయితే, ముందు ఆమెతో మాట్లాడి ఆ తరువాతే కేబుల్ తీయించండి.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన మన సోదరులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "జిద్దాలో, దుబాయిలో ఉచితంగా చూసిన అరబీ చానళ్లు ఇక్కడ ఎందుకు రావు?" అక్కడ ఇంటింటా చూసే ఉపగ్రహాలు రెండు, నైల్‌శాట్, అరబ్‌శాట్. నైల్‌శాట్ ఉన్నది మనకు ఎంత పడమరగా అంటే, హైదరాబాదు నుంచి చూస్తే అది నేల అంచు కిందకు దిగిపోయి ఉంటుంది. ఎంత పెద్ద డిష్ పెట్టినా భూమిని దాటి చూడలేదు గదా! అరబ్‌శాట్ వారి 26 డిగ్రీల ఉపగ్రహాలు మన ఆకాశంలో ఉన్నాయి గాని, వాటి కిరణాలు అరబ్ దేశాల వైపు ఎక్కుపెట్టినవి. మన రెండడుగుల డిష్‌కు అందవు. కాబట్టి అక్కడి నుంచి డిష్ మోసుకు రావద్దు. ఫ్రీ టు ఎయిర్ పెట్టె ఉంటే మాత్రం తెచ్చుకోవచ్చు. దాన్ని మన ఉపగ్రహం వైపు పెట్టిన డిష్‌కు తగిలిస్తే పనిచేస్తుంది.

కొనవలసిన వస్తువులు

సామాను నాలుగు రకాలు. సుమారు రెండు వేల రూపాయల్లో పని జరిగిపోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో ఇవన్నీ ఒకే చోట దొరుకుతాయి.

మొదటిది డిష్. 60 నుంచి 65 సెంటీమీటర్లది చాలు. అంచు వంగినదీ, సొట్టపడినదీ తీసుకోవద్దు. ఈ పళ్లెం చేసే పని ఒక్కటే: దూరం నుంచి వచ్చే తరంగాలను ఒక బిందువు దగ్గరకు చేర్చడం. ఈ విద్య మనకు పరాయిది కాదు. పారాబోలా ఆకారంలో వంచిన అద్దం సూర్యకిరణాలను ఒకే చోటికి ఎలా చేరుస్తుందో వేయి సంవత్సరాల కిందట ఇబ్నుల్ హైసమ్ ఒక గ్రంథమే రాశారు. సొట్ట పడితే కిరణాలు చెదిరిపోతాయి, అంతే.

రెండోది ఎల్ఎన్‌బీ. డిష్ చేయి చివర ముక్కులాగా ఉండేది ఇదే. పోగైన బలహీనమైన సంకేతాన్ని పట్టి, బలపరిచి, తీగలో ప్రయాణించగల స్థాయికి దించి పంపుతుంది. కేయూ బ్యాండ్ యూనివర్సల్ అని అడిగి తీసుకోవాలి.

మూడోది తీగ. ఆర్జీ-6 అనే మందపాటి కోయాక్సియల్ కేబుల్ కావాలి. పాత కేబుల్ టీవీ తీగ ఇంట్లో ఉంది గదా అని దాన్నే తగిలించవద్దు. మేము మొదటి సాయంత్రం అదే పొరపాటు చేశాము. తీగను మధ్యలో ముడివేసి టేపు చుట్టడం కూడా వద్దు. మిద్దె నుంచి టీవీ దాకా ఒకే ముక్క ఉండాలి.

నాలుగోది సెట్ టాప్ బాక్స్. ఇది కొనేటప్పుడే జాగ్రత్త. తక్కువ ధరకు అమ్మే పాత పెట్టెలు ఎంపెగ్-2 మాత్రమే చదవగలవు. కొన్ని చానళ్లు ఎంపెగ్-4 లో వస్తాయి. ఎంపెగ్-4 చదివే పెట్టె అని అడిగి, దుకాణంలోనే బిల్లు మీద రాయించుకోండి. కొన్ని కొత్త టీవీల్లో ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉంటుంది. అలాంటిది ఉంటే పెట్టె కొనే పనిలేదు. టీవీ వెనుక స్క్రూలాగా మరలున్న శాటిలైట్ సాకెట్ ఉందేమో చూడండి.

ఎటు తిప్పాలి?

ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 అనే మన ఉపగ్రహం నుంచి వస్తాయి. దాన్ని 2015 నవంబరులో ప్రయోగించారు. భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఆ ఎత్తులో ఉన్నది భూమితో సమానంగా తిరుగుతుంది కనుక మనకు ఒకే చోట నిలిచి ఉన్నట్లు ఉంటుంది. అందుకే డిష్‌ను ఒకసారి బిగిస్తే మళ్లీ తిప్పే పని ఉండదు.

హైదరాబాదు నుంచి లెక్కకడితే అది దాదాపు సరిగ్గా ఆగ్నేయ దిక్కున ఉంటుంది. దిక్సూచిలో 138 డిగ్రీలు. నేల నుంచి ఎత్తు 63 డిగ్రీలు. దిక్సూచి లేనివారికి మరో గుర్తు చెబుతాము. మన నగరంలో కిబ్లా ఎటో ప్రతి ఇంట్లో తెలుసు. నేరు పడమర కాదు, కాస్త ఉత్తరం వైపు ఒరిగి, సుమారు 283 డిగ్రీలు. కిబ్లా వైపు ముఖం పెట్టి నిలబడితే ఉపగ్రహం మన వెనుక ఉంటుంది, కాని నేరుగా వీపు వెనుక కాదు, ఎడమ భుజం వెనుక.

63 డిగ్రీల ఎత్తు అన్నది పాతబస్తీ వాళ్లకు అదృష్టమే. యాకుత్‌పురాలో, తలాబ్ కట్టలో, మొఘల్‌పురాలో ఇల్లు ఇంటికి ఆనుకుని ఉంటుంది. పక్కన ఎవరో నాలుగంతస్తులు లేపితే మనకు ఆకాశమే మిగలదని భయపడతాము. లెక్క చూడండి. ఆగ్నేయం వైపు గోడ మన డిష్ కంటే పది అడుగులు ఎత్తుగా ఉన్నా, డిష్ ఆ గోడకు ఐదారడుగుల దూరంలో ఉంటే చాలు, ఉపగ్రహం కనపడుతుంది. ఇరవై అడుగుల ఎత్తుకు పది పన్నెండు అడుగులు. అంటే గోడ ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ దూరం. మిద్దె మీద ఆ మూల కుదరకపోతే ఈ మూలకు జరగండి. చెట్టు కొమ్మలు మాత్రం అడ్డం ఉండకూడదు. తడి ఆకులు సంకేతాన్ని మింగేస్తాయి.

బిగించే పద్ధతి

ముందుగా స్టాండు. గొట్టం నిటారుగా నిలబడాలి. తాపీమేస్త్రి గుండు కట్టిన తాడు పక్కన వేలాడదీసి చూడండి. గొట్టం ఒరిగితే ఆ తరువాత చేసే లెక్కలన్నీ ఒరుగుతాయి.

డిష్‌ను ఆగ్నేయానికి తిప్పి, వెనుక ఉన్న ఎత్తు స్కేలు మీద 63 దగ్గర పెట్టి, బోల్టులను కదిలేంత వదులుగా బిగించండి. డిష్ ముఖం చూస్తే అంత పైకి చూస్తున్నట్లు అనిపించదు. అనుమానపడవద్దు. ఈ డిష్‌ల నిర్మాణమే అంత. ఎల్ఎన్‌బీ నీడ పళ్లెం మీద పడకుండా చేయిని కిందికి పెట్టారు. అందుచేత డిష్ మనకు కనిపించేదానికంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తూ ఉంటుంది.

తీగను తగిలించేటప్పుడు పెట్టె కరెంటు తీసి ఉండాలి. ఎల్ఎన్‌బీకి కావలసిన విద్యుత్తు ఆ తీగలోనే వెళుతుంది. లోపలి రాగి తీగ, పైన ఉన్న అల్లిక ఒకదానికొకటి తగిలితే పెట్టె చెడిపోవచ్చు.

తరువాత టీవీని మిద్దె మీదకు తెచ్చుకోండి. లేదా కింద ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫోన్లో చెప్పమనండి. పెట్టె మెనూలో సిగ్నల్ పేజీ తెరిస్తే రెండు గీతలు కనపడతాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. ఇక్కడే నూటికి తొంభైమంది మోసపోతారు. మేమూ మోసపోయాము. స్ట్రెంగ్త్ గీత నిండుగా ఉంటే ఉపగ్రహం దొరికిందని సంతోషించాము. అది ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతున్నదని మాత్రమే చెబుతుంది. డిష్‌ను గోడవైపు తిప్పినా ఆ గీత కదలదు. చూడవలసింది క్వాలిటీ గీత.

రెండో సాయంత్రమంతా ఆ క్వాలిటీ గీత సున్నా దగ్గరే ఉండిపోయింది. కారణం మా తొందర. ఈ పరిమాణపు డిష్ ఆకాశంలో చూసే వెడల్పు మూడు డిగ్రీలకు మించదు. చేయి చాచి రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే ఎంత వెడల్పు ఉంటుందో దాదాపు అంత. డిష్‌ను చరచరా తిప్పితే పెట్టె గుర్తుపట్టేలోపే ఉపగ్రహం దాటిపోతుంది. గోరంత కదిలించి, ఐదు లెక్కపెట్టి, గీత చూసి, మళ్లీ గోరంత కదిలించాలి. ఒకవైపునుంచి ఇంకోవైపుకు తిప్పడం పూర్తయినా దొరకకపోతే ఎత్తును ఒక డిగ్రీ మార్చి మళ్లీ మొదటి నుంచి.

మూడో రోజు మగ్రిబ్ అజాన్‌కు ముందు గీత ఒక్కసారిగా లేచింది. ఆనందంతో చానళ్లు వెదికిస్తే అన్నీ తాళం వేసినవే! పక్కనే 95 డిగ్రీల దగ్గర డబ్బు కట్టించుకునే డీటీహెచ్ ఉపగ్రహం ఒకటుంది. మేము దాన్ని పట్టుకున్నాము. అక్కడి నుంచి డిష్‌ను వెంట్రుకవాసి దక్షిణం వైపు జరిపితే జీశాట్ దొరికింది. క్వాలిటీ కనిపించింది కదా అని బోల్టులు బిగించేయకుండా, డీడీ యాదగిరి బొమ్మ చూసిన తరువాతే బిగించాలని అప్పుడు తెలిసింది.

చివరగా ఎల్ఎన్‌బీని దాని పట్టీలోనే అటూ ఇటూ మెల్లగా తిప్పి చూడండి. ఉపగ్రహం నేరుగా దక్షిణాన లేదు గనుక దాని తరంగం మనకు కొంత వాలుగా చేరుతుంది. ఆ వాలుకు సరిపోయే చోట క్వాలిటీ ఇంకా పెరుగుతుంది. అక్కడ బిగించి, బోల్టులు ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా గట్టిచేయండి. ఒకటే బోల్టును పూర్తిగా బిగిస్తే డిష్ పక్కకు లాగేస్తుంది.

బొమ్మ పోయినప్పుడు

జోరువాన పడితే బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోతుంది. ఈ తరంగం పొడవు మూడు సెంటీమీటర్లకు లోపే. వాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి. వాన తగ్గగానే అదే వస్తుంది. మిద్దె ఎక్కి డిష్‌ను కదిలించవద్దు.

మార్చి రెండో వారం చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు పొద్దున పదకొండు ప్రాంతంలో కాసేపు బొమ్మ పోవచ్చు. ఆ వేళకు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. దీపం వెనుక పెద్ద మంట పెట్టినట్లు సూర్యుడి తరంగాలు సంకేతాన్ని ముంచేస్తాయి. ఇది కొద్ది నిమిషాల ముచ్చటే. మెకానిక్‌ను పిలవనక్కర లేదు. డిష్ ఇంకా పెట్టనివారికి ఇదే రోజుల్లో ఒక ఉపాయం ఉంది. ఆ సమయానికి మిద్దె మీద ఏ చోట ఎండ పడుతున్నదో ఆ చోట డిష్‌కు అడ్డం లేదన్నమాట.

మన బస్తీలో మరి రెండు బెడదలున్నాయి. ఒకటి పావురాలు. కబూతర్‌లు పెంచే ఇంటి పక్కన డిష్ ఉంటే అవి దాని చేయి మీద వరుసగా కూర్చుంటాయి. గట్టి స్టాండే దానికి మందు. రెండోది సంక్రాంతి పతంగుల మాంజా. అది తీగకు చుట్టుకుని పైతొడుగును కోస్తుంది. లోపలికి నీరు దిగితే సంకేతం పోతుంది. తీగను గోడ వెంట క్లిప్పులతో కొట్టించుకోండి.

అడగకుండా డబ్బు ఇవ్వవద్దు

మా డిష్ ఏడాదిన్నర ఎందుకు మూలపడింది? ఆ కథ చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. 2019 మార్చిలో మా ఇంట్లో పిల్లలు చూసే హిందీ చానళ్లు కొన్ని ఒక్కసారిగా మాయమయ్యాయి. పిలిపించిన మెకానిక్ అటూ ఇటూ నొక్కి, "పెట్టె పోయింది మౌల్వీ సాబ్, కొత్తది వేయాలి" అన్నాడు. డబ్బిచ్చి వేయించాము. ఆ చానళ్లు రాలేదు. ఈసారి డిష్ పోయిందన్నాడు. విసుగొచ్చి మొత్తం వదిలేశాము.

పెట్టె పోలేదు, డిష్ పోలేదు. పెద్ద టీవీ సంస్థలు తమ ఉచిత హిందీ చానళ్లను ఆ మార్చిలో ఫ్రీ డిష్ నుంచి తామే ఉపసంహరించుకున్నాయి. 2020 జూన్ లో మళ్లీ వచ్చాయి. ఆ నాలుగు ముక్కలు మాకు తెలిసి ఉంటే మా డబ్బు మిగిలేది. కాబట్టి చానల్ పోతే మొదట చేయవలసింది రిమోట్‌తో ఆటో స్కాన్. వేలాలు జరిగినప్పుడల్లా చానళ్ల స్థానాలు మారుతాయి. నెలకోసారి స్కాన్ చేసుకుంటే కొత్తవి చేరతాయి. ఇది రెండు నిమిషాల పని. దీనికి వందలు పుచ్చుకునేవారున్నారు. మిగతా చానళ్లన్నీ వస్తూ ఒకటి రెండు మాత్రమే పోతే, తప్పు మీ ఇంట్లో లేదని గుర్తు.

ఇంకొక వలలో పడవద్దు. "ఒక్కసారి డబ్బు కట్టండి, జీవితాంతం అన్ని పే చానళ్లూ ఉచితం" అంటూ పెట్టెలు అమ్మేవారు కనపడతారు. అవి ఇతరుల తాళాన్ని దొంగచాటుగా తెరిచేవి. చట్టం ఒప్పదు, మన అమానత్ అసలే ఒప్పదు. పైగా నాలుగు నెలల్లో తాళం మారుతుంది, అమ్మినవాడు కనపడడు.

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణం. పాతబస్తీలో చాలా మిద్దెలకు పిట్టగోడ ఉండదు, కరెంటు తీగలు చేతికందే దూరంలో వేలాడుతుంటాయి. ఇనుప గొట్టం ఎత్తేటప్పుడు తీగ ఎంత దూరంలో ఉందో ముందు చూసుకోవాలి. తీగలు దగ్గరగా ఉంటే ఆ మూల వద్దు. ఉరుముల వేళ, వాన వేళ మిద్దె ఎక్కవద్దు. ఎక్కి దిగే వయసు మాది కాదని మా ఇంట్లోవారు ఆనాడు చెప్పిన మాట కూడా ఇక్కడ రాయక తప్పదు. ఒక యువకుణ్ణి తోడు పెట్టుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవారు ఇంటి యజమానిని అడిగి పెట్టుకుంటే తరువాత తగవు రాదు.

రిమోట్ ఎవరి చేతిలో?

ఉచితంగా వచ్చే వస్తువుకు విలువ తక్కువ కట్టడం మన అలవాటు. బిల్లు లేదు గదా అని పొద్దున లేచింది మొదలు టీవీ మోగుతూ ఉంటే, మిగిలిన డబ్బుకంటే పోయిన సమయం ఎక్కువవుతుంది. ఇంట్లో ఒక నియమం పెట్టుకోవాలి. పెట్టెలో ఇష్టమైన చానళ్ల జాబితా చేసుకునే సౌకర్యం ఉంటుంది. అక్కర లేనివాటికి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. పాఠం వేళ పాఠమే, వార్తల వేళ వార్తలే. పెద్దలు తమ సీరియల్‌ను ఒక అరగంట వదులుకుంటేనే పిల్లవాడు తన కార్టూన్‌ను వదులుకుంటాడు.

ఇక ఆ ఖాలా ఇంటి సంగతి. 2020 సెప్టెంబరు మొదటి వారంలో వాళ్ల టీవీలో యాదగిరి వచ్చింది. లెక్కల పాఠం వేళకు ఆ అమ్మాయితో పాటు పక్కింటి పిల్లలిద్దరు వరండాలో దూరం దూరంగా కూర్చునేవారు. టీవీ తప్పు చేసినవాణ్ణి ఆపి మళ్లీ చెప్పదు గదా! అందుకని పాఠం అయ్యాక సందేహాలు రాసుకుని, సాయంత్రం మా గుమ్మం దగ్గరకు తెచ్చేవారు. లెక్కలు మాకు రావు. మా తోటి ఉపాధ్యాయుడొకరికి ఫోన్ చేసి అడిగి చెప్పేవాళ్లం.

ఆ విద్యాసంవత్సరం పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందరినీ ఉత్తీర్ణులను చేశారు. ఆ టీవీ పాఠాలకు ఎన్ని మార్కులు వచ్చేవో ఎవరూ చెప్పలేరు. కాని ఇంటర్‌లో ఆ అమ్మాయి ఎంపీసీ తీసుకుంది, లెక్కలకు భయపడలేదు. తరువాత డిగ్రీలో చేరింది. కేబుల్ మళ్లీ పెట్టించుకోండి అని ఎవరో అంటే ఆ తల్లి, "ఆ డబ్బు బస్సు పాసుకు సరిపోతోంది" అన్నదట.

మా పాత డిష్ ఇప్పటికీ ఆ మిద్దె మీదే ఉంది. తిరిగి తీసుకుపొమ్మని రెండుసార్లు కబురు పంపారు. మేము మరొకటి కొనుక్కున్నాము. ఈసారి మెకానిక్‌ను పిలవలేదు.